జావ, జావా: సైబరాబాద్‌లో సమరూప పదాలు

రెండు మాటలు వినడానికి ఒకటిగా ఉండి, అర్థంలోనూ పుట్టుకలోనూ వేరైతే వాటిని సమరూప పదాలు అంటారు. అవి ఒకే భాషలో ఉన్నా, రెండు భాషలకు చెందినవైనా ఇదే పేరు. హైదరాబాద్ పడమటి వైపు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా సాగే ఐటీ కారిడార్ ఇలాంటి మాటలను పరిశీలించడానికి అనువైన చోటు. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, ఒడియా, తమిళం అక్కడ ఒకే వీధిలో వినిపిస్తాయి. వాటిలో చాలా మాటలు తెలుగు లిపిలోనే బోర్డులకెక్కుతాయి. లిపి ఒకటైతే పుట్టుకల తేడా కంటికి ఆనదు. పొద్దున్నే రోడ్డు పక్కన గ్లాసుల్లో పోసి అమ్మే రాగి జావకూ, ఎదుటి భవనంలో ఇంజనీర్లు రాసే జావాకూ మధ్య కనిపించే తేడా ఒక్క దీర్ఘం. ఈ జంట మీద జోకులు చాలానే ఉన్నాయి. ఆ జోకులన్నిటి వెనుకా ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం తొందరపాటు. పోలిక కనబడగానే చుట్టరికం కలిపేసే అలవాటూ అంతే తొందరపాటు. రూపం ఒకటి కావడం చుట్టరికానికీ రుజువు కాదు, పరాయితనానికీ రుజువు కాదు. మాట ఏ దారిన వచ్చిందో చూస్తేనే తేలుతుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

తెలుగు సాహిత్యానికి సమరూపాలు కొత్త కాదు. శ్లేష, యమకం వాటి మీద ఆధారపడినవే. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయంలో అవే పద్యాలు రామాయణంగానూ భారతంగానూ చదువుకునేలా రాశాడు. రామరాజభూషణుడు హరిశ్చంద్రుడి కథనూ నలుడి కథనూ అలాగే ఒక్క కావ్యంలో ఇమిడ్చాడు. అయితే కవికి కావలసింది రెండర్థాలు పలకడం. ఆ అర్థాలు ఒకే మాట నుంచి చీలాయా, రెండు మాటలు వచ్చి ఒక రూపంలో కలిశాయా అన్నది ఆయనకు పట్టదు. నానార్థాలను వరుసగా చెప్పుకుపోయిన అమరకోశానికీ పట్టలేదు. భాషాచరిత్రకు మాత్రం ఈ తేడాయే ముఖ్యం. ఐటీ కంపెనీలో ప్రాజెక్టు దొరకని ఉద్యోగి ‘బెంచ్ మీద’ ఉంటాడు, బడిలో పిల్లవాడూ బెంచ్ మీదే ఉంటాడు. ఇది ఒకే మాట, అర్థం సాగింది అంతే. ‘చాట్’ సంగతి వేరు. మాదాపూర్ సందుల్లో సాయంత్రం బండి మీద దొరికే చాట్ హిందీలో నాకడం అనే అర్థమున్న ‘చాట్‌నా’ నుంచి వచ్చింది. ఫోన్లో చేసే చాట్ ఇంగ్లీషు ‘చాటర్’కు కుదింపు, పిట్టల కిచకిచను అనుకరించిన మాట. ఇంగ్లీషు అచ్చు, హిందీ అచ్చు పలుకులో ఒకటి కావు; తెలుగు లిపి రెంటికీ ఒకే దీర్ఘం ఇచ్చి కలిపేసింది. ‘బస్’ కూడా ఇలాంటిదే. ఎక్కే బస్సు ‘అందరి కోసం’ అనే అర్థమున్న లాటిన్ ‘ఓమ్నిబుస్’ తోకముక్క. ఇక చాలు అనడానికి హైదరాబాదీ అనే ‘బస్’ పారసీ మాట.

ఈ ప్రాంతపు పేరులోనే ఇలాంటి ముడులు కొన్ని ఉన్నాయి. హైటెక్ అనేది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ అనే పొడుగు పేరుకు పొడి అక్షరాల కూర్పు. ఉన్నత సాంకేతికతను చెప్పే ఇంగ్లీషు ‘హైటెక్’తో అది కలవడం యాదృచ్ఛికం కాదు, కలిసేలా కట్టిన పేరది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. కొన్నేళ్లలోనే సైబరాబాద్ అన్న పేరు అభివృద్ధి సంస్థకూ పోలీసు కమిషనరేట్‌కూ అధికారికంగా వచ్చింది. ఇందులో ‘సైబర్’ గ్రీకు మాట. ఓడకు చుక్కాని పట్టేవాడిని గ్రీకులు ‘కుబెర్నేతేస్’ అన్నారు. 1948లో నార్బర్ట్ వీనర్ తన కొత్త శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టింది దాన్నుంచే. అదే గ్రీకు మాట లాటిన్ గుండా, ఫ్రెంచి గుండా నడిచి ఇంగ్లీషులో ‘గవర్నర్’ అయింది. అంటే రాష్ట్ర గవర్నరూ సైబర్ టవర్స్‌లోని సైబరూ ఒక ఇంటివాళ్లే, ముఖాలు మాత్రం కలవవు. రూపం ఒకటైనా పుట్టుక వేరు కావచ్చునని ఒప్పుకునేవాళ్లు, పుట్టుక ఒకటైనా రూపం వేరు కావచ్చునన్న రెండో సగాన్ని తరచు మరచిపోతారు.

‘ఆబాద్’ పారసీ మాట. జనంతో, పంటలతో కళకళలాడే చోటు అని అర్థం. నీటికి పారసీలో ‘ఆబ్’ కాబట్టి నీళ్లున్న చోటే ఆబాద్ అని ఒక వివరణ ప్రచారంలో ఉంది. చెరువుల నగరానికి అది బాగా నప్పుతుంది కూడా. చారిత్రక భాషాశాస్త్రం మాత్రం కాపాడటం అనే అర్థమున్న ‘పా’ ధాతువు వైపు మొగ్గుతుంది. మన గోపాలుడిలోనూ నృపుడిలోనూ ఉన్న ధాతువే అది. పలుకులో ఈ ‘బాద్’కు దగ్గరగా ఉన్న మరి కొన్నిటిని పక్కన పెట్టి చూడాలి. జర్మనీలో బాడ్ హోంబుర్గ్ వంటి ఊళ్ల పేర్ల ముందుండే ‘బాడ్’కు స్నానం అని అర్థం, అది ఇంగ్లీషు ‘బాత్’కు తోబుట్టువు. తెలంగాణ తెలుగులో బాగా నాటుకున్న బద్మాష్, బద్నాం అనే మాటల్లోని ‘బద్’ పారసీ, అర్థం చెడు. ఇంగ్లీషు ‘బ్యాడ్’ అర్థమూ చెడే. రూపమూ ఒకటే, అర్థమూ ఒకటే, పారసీ ఇంగ్లీషులు రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబంలోవే. ఇంకేం కావాలి అనిపిస్తుంది. అయినా ఇవి చుట్టాలు కావు. పారసీ మాటను వెనక్కి నడిపిస్తే మధ్యకాలపు పారసీలో అది ‘వద్’గా, ‘వ’కారంతో కనిపిస్తుంది. ఇంగ్లీషు మాట 13వ శతాబ్దపు రాతల్లో ‘బడ్డె’గా తేలుతుంది, దాని ముందరి చరిత్ర మసకగా ఉన్నా ‘వ’కారం వైపు వెళ్లే దారి లేదు. వెనక్కి పోయేకొద్దీ దగ్గర కావలసిన మాటలు దూరమవుతున్నాయి. చుట్టరికం లేదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. భాషాశాస్త్ర పాఠాల్లో ఈ జంట ప్రసిద్ధ ఉదాహరణ. హైదరాబాదులో మాత్రం రెండు మాటలూ ఒకే నోట వినిపిస్తాయి.

ఇలాంటి కలయికలు ఎందుకు జరుగుతాయంటే, మనిషి నోరు పలికే ధ్వనులు కొన్నే, భాషలు వేలు, ఒక్కో భాషలో మాటలు వేలకు వేలు. పొట్టి మాటలు ఎక్కడో ఒకచోట గుద్దుకోక తప్పదు. అలా గుద్దుకున్నవాటిని ఏరి పక్కపక్కన పేర్చితే ఏ రెండు భాషలనైనా అక్కాచెల్లెళ్లను చేయవచ్చు. తెలుగులో ఈ పని చాలా జరిగింది. సుమేరియన్ భాషలో నగరాన్ని ‘ఉరు’ అనేవారు, మనది ‘ఊరు’, కాబట్టి రెండు జాతులూ ఒకటే అన్న వాదం పత్రికల్లో ఎన్నిసార్లో వచ్చింది. అంత దూరం పోనవసరం లేదు. మాదాపూర్, కొండాపూర్‌లలోని ‘పూర్’ సంస్కృత ‘పుర’. గ్రీకు ‘పోలిస్’కు బంధువు. తెలుగు ‘ఊరు’ ద్రావిడం. తమిళ, కన్నడ, మలయాళాల్లో ‘ఊర్’గా, ‘ఊరు’గా ఉన్నది. ఒక్క ‘ప’కారం తేడాతో అర్థం కూడా దాదాపు కలిసిన ఈ రెంటినే ఒకటిగా కలపలేనప్పుడు, టైగ్రిస్ ఒడ్డు దాకా వెళ్లి చుట్టరికం కలపడానికి ఎంత సాక్ష్యం కావాలో ఆలోచించాలి.

ఆ సాక్ష్యం ఎలా ఉండాలో తెలుగు విషయంలోనే చాలాకాలం కిందటే తేలింది. 1816లో ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ ఒక రచన చేర్చాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో పాటు వేరే కుటుంబానిదనీ అందులో నిరూపించాడు. తెలుగులో సంస్కృతంతో కలిసే మాటలు లెక్కలేనన్ని ఉన్నాయని ఆయనకు తెలుసు. ఆ పోలికను చూసి మోసపోకుండా ధాతువులను వరుసగా పోల్చాడు. ఒక్క మాట పోలికకు విలువ లేదు. ఒకే ధ్వనిమార్పు పది మాటల్లో ఒకే తీరుగా కనిపిస్తే విలువ ఉంది. 20వ శతాబ్దంలో ఈ పద్ధతిని ద్రావిడ భాషల మీద చివరంటా నడిపినవారిలో భద్రిరాజు కృష్ణమూర్తి ముఖ్యులు. ఆయన 1986 నుంచి 1993 దాకా ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ కారిడార్‌లోనే, గచ్చిబౌలిలో ఉంది. ఐటీ భవనాలు లేవకముందే ఆ పరిసరాల్లో మాటల పుట్టుకల మీద పని జరుగుతుండేది.

ఈ కొలబద్దతో ఇక జావ దగ్గరికి రావచ్చు. పిండినో నూకనో నీళ్లలో పలచగా కాచింది జావ. నీరసించినవాడికి పోసేది, ధైర్యం సడలినవాడు జావగారిపోయాడంటాం. ఇది అచ్చతెలుగు మాటేనని చాలామంది అనుకుంటారు. కానీ సంస్కృతంలో ‘యవాగూ’ అనే మాట ఉంది, అర్థం అచ్చంగా ఇదే. చరకసంహిత సూత్రస్థానం రెండో అధ్యాయం 28 రకాల యవాగువులను, ఏ జబ్బుకు ఏది పోయాలో చెబుతుంది. పాళీలో అది ‘యాగు’. భిక్షువులు జావ తాగడం వల్ల కలిగే పది మేళ్లను బుద్ధుడు చెప్పినట్టు వినయపిటకంలో ఉంది. ప్రాకృతంలో మాట మొదటి ‘య’ ‘జ’ అవుతుంది. ఆ మార్పు గుండా తెలుగులోకి వచ్చిన మాటలు మన వాడుకలోనే బోలెడు: యాత్ర జాతర అయింది, యౌవనం జవ్వనం, యముడు జముడు, యంత్రం జంత్రం, యజ్ఞం జన్నం. అదే బాటలో యవాగూ ప్రాకృతంలో ‘జాగూ’, ‘జాఊ’గా మారింది. ఒడియాలో, బెంగాలీలో అన్నపు జావను ఇవాళ్టికీ ‘జావు’ అంటారు. భువనేశ్వర్ నుంచి వచ్చి కొండాపూర్‌లో ఉద్యోగం చేసే ఇంజనీరుకు ఫుట్‌పాత్ మీది జావ అన్న మాట కొత్తగా తోచకపోవచ్చు. తెలుగు జావలోని మొదటి దీర్ఘం కూడా ఈ దారికే సరిపోతుంది: ‘జవాగూ’లో నడిమి అక్షరాలు కుదించుకుపోతే మిగిలేది ‘జా’ అనే దీర్ఘమే. ధ్వనీ అర్థమూ రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి జావను తద్భవంగా లెక్కించడమే న్యాయం. గంజి విషయంలో ప్రయాణం మరో దిక్కున సాగింది. తమిళ ‘కంజి’ పోర్చుగీసువాళ్ల నోట పడి ఇంగ్లీషులో ‘కాంజీ’ అయి, ఇప్పుడు హోటళ్ల బఫేల్లో చైనా వంటకంగా కనిపిస్తుంది.

యవాగూ మూలం ‘యవ’. అంటే బార్లీ, పాతకాలంలో ధాన్యమనే విశాలార్థం కూడా ఉండి ఉంటుంది. ఈ మాటకు దూరపు చుట్టాలు చాలామంది. అవెస్తాలో ‘యవ’, పారసీలో ‘జౌ’, హిందీలో ‘జౌ’. పారసీలోనూ మాట మొదటి ‘య’ ‘జ’ అయింది. ప్రాకృతాన్ని చూసి కాదు, తనంతట తాను. దీనికి సైబరాబాద్ ఆఫీసు గేటు దగ్గరే సాక్ష్యం దొరుకుతుంది. జవాను పారసీ ‘జవాన్’, యువకుడని అర్థం, సంస్కృత ‘యువన్’కు దాయాది. తెలుగు జవ్వని కూడా ఆ యువన్ నుంచే వచ్చింది. గేటు దగ్గరి జవానూ ప్రబంధాల్లోని జవ్వనీ వేరు వేరు దారుల్లో ‘య’ను వదిలి ‘జ’ను పట్టుకున్నారు. యూరప్‌కు వెళితే లిథువేనియాలో తిండిగింజల పంటలను ‘జవాయ్’ అని రాస్తారు, ‘యవాయ్’ అని పలుకుతారు. వాళ్ల రోమన్ రాతలో మొదటి అక్షరం మన ‘జ’కు వాడేది, పలుకు మాత్రం ‘య’. బాల్టిక్ తీరపు గోధుమ చేనుకూ మాదాపూర్ గ్లాసులోని జావకూ మధ్య నాలుగైదు వేల ఏళ్ల ఎడం ఉంది, అయినా మూలం ఒకటే. బద్, బ్యాడ్‌ల జంటను మళ్లీ తలచుకుంటే, అర్థం కలిసిన చోట చుట్టరికం లేదు, అర్థం చెదిరిన చోట ఉంది.

ఇక జావా. కంప్యూటర్ భాష పేరు ద్వీపం నుంచి వచ్చింది, కానీ నేరుగా కాదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం 1991లో మొదలుపెట్టిన భాషకు మొదట ఓక్ అని పేరు. గోస్లింగ్ ఆఫీసు కిటికీ బయట ఓక్ చెట్టు ఉండేది. ఆ పేరు మీద అప్పటికే మరో కంపెనీకి హక్కు ఉండటంతో కొత్త పేరు వెతికారు. 1995 మేలో భాష లోకానికి పరిచయమైంది జావా పేరుతో, పొగలు కక్కే కాఫీ కప్పు గుర్తుతో. అమెరికా వాడుకలో జావా అంటే కాఫీ, 19వ శతాబ్దం నుంచీ. ఆ కాఫీకి ద్వీపం పేరు రావడానికి కారణం డచ్చివాళ్లు. వాళ్లు 17వ శతాబ్దం చివర మన మలబారు తీరం నుంచే మొక్కలు తీసుకెళ్లి జావాలో నాటారు. 18వ శతాబ్దం మొదట్లో జావా కాఫీ ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. అంటే అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల గోడల మీద తెలుగు కుర్రాళ్లు దశాబ్దాలుగా చదువుతున్న ‘జావా’ అనే అక్షరాల వెనుక ఒక ద్వీపం, ఆ ద్వీపం నుంచి వచ్చిన పానీయం, ఆ పానీయం ఇష్టపడిన ఇంజనీర్లు ఉన్నారు. అదే 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ తయారుచేసిన భాష మోకా, లైవ్‌స్క్రిప్ట్ అనే పేర్లు మార్చుకుని జావాస్క్రిప్ట్ అయింది. ఆ పేరు సన్‌తో కుదిరిన వ్యాపార పొత్తు ఫలం, రెండు భాషల పుట్టుక వేరు. ఇంటర్వ్యూల్లో ఈ రెంటినీ కలిపేసి నష్టపోయిన అభ్యర్థులు ఎంతమందో! ఇంగ్లీషువాళ్లు మన నేరేడు పండును కూడా ‘జావా ప్లమ్’ అన్నారు. జంబూద్వీపానికి పేరిచ్చిన పండుకు, సంస్కృతంలో యవద్వీపమనే జావా పేరు తగిలించడం వాళ్లకే చెల్లింది.

యవద్వీపం అన్న మాటతో అసలు చిక్కు మొదలవుతుంది. వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో సుగ్రీవుడు సీతను వెదకడానికి వానరులను పంపుతూ చెప్పే దేశాల్లో యవద్వీపం ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో ‘ఇయబదియు’ అనే ద్వీపాన్ని చెప్పి, ఆ పేరుకు బార్లీ ద్వీపమని అర్థం కూడా రాశాడు. గ్రీకువాడికి ఆ అర్థం చెప్పింది ప్రాకృతం తెలిసిన నావికులే అయి ఉండాలి. ‘ఇయబదియు’ చివర ఉన్నది ‘ద్వీప’కు ప్రాకృత రూపమైన ‘దీవ’ కావచ్చు, దాని తెలుగు రూపం మన దీవి. మధ్య జావాలో దొరికిన 732 నాటి చంగల్ శాసనంలో సంజయ రాజు తన ద్వీపాన్ని యవ పేరుతోనే, ధాన్యానికీ బంగారానికీ పుట్టిల్లుగా పొగిడించుకున్నాడు. ఈ సాక్ష్యాలన్నీ నిజమైతే జావా అంటే యవల దీవి. అప్పుడు ఆఫీసులోని జావా, బయట గ్లాసులోని జావ ఒకే గింజ నుంచి మొలిచినవే అవుతాయి.

దీని మీద బలమైన అభ్యంతరం ఒకటుంది. జావా భూమధ్యరేఖకు దగ్గరి వేడి దేశం, వరి పండే నేల. అక్కడ బార్లీ పండదు. పండని పంట పేరు దీవికి ఎందుకు వస్తుంది? టాలెమీ చెప్పింది అసలు సుమత్రా అయి ఉండవచ్చుననీ కొందరు అన్నారు. పైగా ఆ ద్వీపవాసుల భాష ఆస్ట్రొనేషియన్ కుటుంబానిది. వాళ్లు తమ నేలను తమ భాషలో ఏదో పిలుచుకుని ఉంటారు, దాన్ని సంస్కృతం తెలిసిన పండితులు తమకు తెలిసిన ‘యవ’తో ముడిపెట్టి ఉంటారు. ఇలాంటిది మన దగ్గరా కొత్త కాదు. స్థలపురాణాల్లో అచ్చతెలుగు ఊళ్ల పేర్లకు సంస్కృత వ్యుత్పత్తులు కట్టడం ఎంత సాధారణమో అందరికీ తెలుసు. ఈ అభ్యంతరానికి పాక్షికంగా జవాబుంది. యవ అన్నది బార్లీ ఒక్కటే కానవసరం లేదు, చిరుధాన్యం కావచ్చు. జావా, ఇండోనేషియా వాడుకలో కొర్రలను ‘జవావుత్’ అంటారు. ఆ మాట మొదటి భాగం యవే అయితే బార్లీ గొడవ తీరిపోతుంది. కానీ ఆ మాట కూడా ద్వీపం పేరు నుంచే వచ్చి ఉంటే వాదం మొదటికొస్తుంది. కాబట్టి ఈ గొలుసులో ఏ కొక్కెం ఎంత గట్టిదో విడివిడిగా చెప్పాలి. కంప్యూటర్ భాష పేరు కాఫీ నుంచి, కాఫీ పేరు ద్వీపం నుంచి వచ్చాయన్నది నిశ్చయం. జావ యవాగూ నుంచి వచ్చిందన్నది చాలావరకు నమ్మదగినది. ద్వీపం పేరు యవ నుంచి పుట్టిందన్నది సంభావ్యం మాత్రమే. దాదాపు 1,300 ఏళ్లుగా ఆ ద్వీపం రాజులూ కవులూ ఆ అర్థాన్నే తమదిగా స్వీకరించారన్నది మాత్రం రాతి మీద ఉంది. మొదటి పేరు వేరైనా, ఆ మాట లోకంలో తిరిగింది యవ అన్న అర్థంతోనే.

సంబంధం బొత్తిగా లేని జావా కూడా ఒకటుంది, అది రోడ్డు మీద ఉంది. చెక్ దేశస్థుడు ఫ్రాంతిషెక్ యానెచెక్ 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారుసైకిళ్ల విభాగం కొని, తన ఇంటిపేరులోని మొదటి రెండు అక్షరాలను, వాండరర్‌లోని మొదటి రెండు అక్షరాలను కలిపి బండికి పేరు పెట్టాడు. చెక్ వాళ్లు దాన్ని ‘యావా’ అంటారు. మన దేశంలో రోమన్ అక్షరాలను ఇంగ్లీషు పద్ధతిలో చదివి జావా అన్నాం. మైసూరులో ఐడియల్ జావా 1960ల నుంచి ఈ బండ్లు తయారుచేసింది, తర్వాత యెజ్డీ పేరు పెట్టింది, 1996లో మూతపడింది. 2018లో జావా మళ్లీ వచ్చింది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద కొత్త జావా నడిపే జావా డెవలపర్ కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. చెక్ పలుకులోని ‘య’ మన నోట ‘జ’ కావడం చూసి దీన్ని కూడా యాత్ర-జాతర వరుసలో వేయాలనిపిస్తుంది, కానీ అది పొరపాటు. అక్కడ మారింది ధ్వని, ఇక్కడ మారింది అక్షరాన్ని చదివే పద్ధతి. ఫలితం ఒకేలా కనిపించినా కారణం వేరని పట్టుకోకపోతే ఈ విద్యలో అడుగు కూడా పడదు.

ఈ పుట్టుకల తవ్వకం మాట్లాడేవాడికి దేనికి పనికొస్తుందన్న ప్రశ్న సబబైనదే. జావ తాగేవాడికి యవాగూ గుర్తురాదు, రావలసిన పనీ లేదు. వాడుకరి మనసులో జావ, జావా రెండు మాటలే. ఎప్పుడో అవి ఒకటైనా ఇవాళ ఒకటి కావు. ఇందులో వైరుధ్యం లేదు. మాటలు ఇప్పుడు విడివిడిగా బతుకుతున్నాయన్నది వర్తమానానికి సంబంధించిన నిజం. అవి ఒకప్పుడు కలిసి ఉంటే అది చరిత్రకు సంబంధించిన నిజం. పైగా వాడుకరికి వ్యుత్పత్తి తెలియకపోయినా, భాష తనలో దాని ఆనవాళ్లను అట్టే పెట్టుకుంటుంది. తెలుగు పాతకాలంలో అరువు తెచ్చుకున్న మాటల చివరి దీర్ఘాన్ని కుదించింది: సీతా సీత అయింది, భాషా భాష అయింది. జావ చివర హ్రస్వం దాని పాత కాపురానికి గుర్తు. జావా చివర దీర్ఘం అమెరికా, దర్గా, డేటాల మాదిరిగా కొత్తదనానికి గుర్తు. వ్యాకరణం చదవని వాడి నోటికి కూడా ఈ తేడా తెలుసు. గ్లాసులో ఉన్న మరో మాట ఇంకా మెళకువైనది. రాగి అంటే లోహం, రాగి అంటే ధాన్యం. విడిగా అన్నప్పుడు ధాన్యాన్ని రాగులని బహువచనంలోనే అంటాం, లోహాన్ని ఎప్పుడూ ఏకవచనంలోనే. సమాసంలోకి రాగానే రెండూ రాగే. ఆఫీసు బల్ల మీద రాగి బాటిలు, పక్కన రాగి జావ ఉంటే ఎవరూ తికమకపడరు. రెండూ ఎర్రనివే కాబట్టి ఎరుపును చెప్పే ‘రాగ’ నుంచి రెండూ వచ్చాయని చెప్పుకోవడం సులభం. ధాన్యం పేరు కన్నడ తమిళాల్లోనూ ఉండటం చూస్తే అంత సులభంగా తేల్చడానికి వీలుండదు. తెలంగాణ పల్లెల్లో ఈ చిక్కు అసలు పుట్టలేదు. అక్కడ రాగులు తైదలు. ఉత్తరాంధ్రలో చోళ్లు. నగరంలో తైద జావ బోర్డెక్కక రాగి జావ ఎక్కడానికి కారణం మార్కెట్టే అనుకోవాలి.

వ్యుత్పత్తి దాదాపు అక్కరలేని పరిశ్రమ కూడా ఈ కారిడార్‌లోనే ఉంది. 1998లో గచ్చిబౌలిలో మొదలైన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భాషా సాంకేతికతల పరిశోధన కేంద్రం భారతీయ భాషల మధ్య యంత్రానువాదం మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. యంత్రానికి సమరూపాలు పెద్ద తలనొప్పి. ‘చాట్ బాగుంది’ అన్న వాక్యం తిండి గురించా, కబుర్ల గురించా అన్నది పక్కనున్న మాటలే చెప్పాలి. చాట్‌నా, చాటర్ అన్న చరిత్ర అక్కడ అక్కరకు రాదు. తాగు, కాచు, గ్లాసు దగ్గరుంటే జావ. కోడ్, కోర్సు, సర్వర్ దగ్గరుంటే జావా. మాట్లాడే తెలుగును రాతలోకి మార్చే యంత్రానికి ఇది మరింత కష్టం, ఎందుకంటే గబగబా మాట్లాడేటప్పుడు చివరి దీర్ఘం సగం పోతుంది. కాబట్టి పుట్టుక జ్ఞానం అన్ని పనులకూ తాళంచెవి అనడం అతిశయోక్తి. దాని అవసరం ఎక్కువగా నిఘంటుకారుడికి. మాటకు మూలభాష గుర్తు వేసే అలవాటు తెలుగుకు బ్రౌన్ నిఘంటువు నుంచీ ఉంది. ఏది ఒకే పద్దు కింద రెండర్థాలుగా రాయాలి, ఏది వేర్వేరు పద్దులుగా విడదీయాలి అన్న నిర్ణయం మూలం తెలియకుండా జరగదు. రేపు ఎవరైనా ఈ నగరపు తెలుగుకు నిఘంటువు కడితే ద్వీపం, కాఫీ, కంప్యూటర్ భాష మూడూ జావా అన్న ఒకే పద్దు కిందికి వస్తాయి. జావ వేరే పద్దు అవుతుంది, ‘యవ చూ.’ అన్న సూచన రెండు చోట్లా ఉండవచ్చు, జావా దగ్గర ఒక ప్రశ్నార్థకంతో. జావాస్క్రిప్ట్‌ను జావా కింద పెట్టాలా వద్దా అన్న దాని మీద ఇద్దరు సంపాదకులు వాదించుకుంటారు. చెక్ మోటారుసైకిల్‌కు మాత్రం వాదన లేకుండా విడిగా పద్దు వేస్తారు.